పుస్తకం మూసేశాక పిలిచే గొంతు

చీకటి పడ్డాక ఆ రాళ్ళ గుట్ట మీదనుంచి ఎవరైనా పిలిస్తే పలకకూడదు.

గుట్ట చుట్టుపక్కల పుట్టినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆ గొంతు భయంకరంగా ఏమీ ఉండదట. ఏడుపులు, వికటాట్టహాసాలు… అలాంటి ఆర్భాటం ఏమీ లేదు. "ఎవరండీ అక్కడ… కొంచెం ఇటు వస్తారా…" అని, బస్సు తప్పిపోయినవాడు దారి అడిగినట్టు అడుగుతుందట. పలక్కపోతే కాసేపు బతిమాలుతుంది. తరవాత కోప్పడుతుంది. ఆ తరవాత — నాకు విచిత్రంగా తోచేది ఇదే — తన హోదా చెప్పుకుంటుంది.

తెల్లారి వెళ్ళి చూస్తే రాళ్ళు తప్ప ఏమీ ఉండవు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా బడిలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. దెయ్యాలున్నాయా మాస్టారూ అని ఏడాదికి ఒకడైనా అడుగుతాడు. ముందు పదమూడో ఎక్కం అప్పజెప్పరా, తరవాత చూద్దాం అంటాను. కాబట్టి ఈ కథ నమ్మి చెబుతున్నానా, నమ్మకుండా చెబుతున్నానా అని నన్ను నిలదీయకండి. విన్నది విన్నట్టు చెబుతాను. నాకు చెప్పినతను కళ్ళద్దాలు తయారుచేసేవాడు. పదేళ్ళుగా నా అద్దాలు అతని కొట్లోనే చేయించుకుంటున్నాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా గాజు పక్కన పడేసే మనిషి. ఉన్నదానికి ఇంకోటి అతికించి చెప్పడం అతనికి చేతకాదు.

ముందు ఆ గుట్ట సంగతి చెప్పాలి.

అంతా నల్లరాయి. ఇల్లంత బండలు ఒకదాని మీద ఒకటి, ఎవరో అలిసిపోయి మధ్యలో వదిలేసి వెళ్ళినట్టు ఉంటాయి. ఎన్ని వందల ఏళ్ళ కిందటో మనుషులు వాటి మీద మెట్లు తొలిచారు. ఆ మెట్ల నడుమ పాదాలు పడి పడి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. పైన ఒక పాత గోడ, సగం వరకు చీల్చి వదిలేసిన ఒక బండ. ఉన్నదంతే. చూసేవాడికి ఒక పూటంతా చాలదు. చూడనివాడికి పావుగంట ఎక్కువ.

సెలవు రోజున వచ్చేవాళ్ళు ఎక్కువమంది రెండో రకం. ఆయాసపడుతూ ఎక్కుతారు. అంత పెద్ద రాయికి వీపు తిప్పి, తమ మొహాలు తామే ఫోటో తీసుకుంటారు. నారింజ తొక్కలూ గుడ్డు పెంకులూ పాతకాలపు మెట్ల మీద పోసి, గాలి మార్పు బాగా పనిచేసిందని చెప్పుకుంటూ దిగిపోతారు. తాళ్ళు కట్టుకుని బండలెక్కే కుర్రవాళ్ళు కొంతమంది వస్తారు. వాళ్ళే నయం, కనీసం రాయిని ముట్టుకుని చూస్తారు.

గుట్ట అడుగున కంచె, కంచెకి గేటు. గేటు పక్కన రెండు గదుల ఇల్లు. అందులో కాపలాదారు, అతని భార్య. ముందు రేకుల పంచలో ఒక బల్ల. బల్ల మీద పొడుగాటి పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. పైకి వెళ్ళేవాళ్ళు ఎడమ పక్క పేరు రాసి సంతకం పెట్టాలి. దిగి వచ్చాక కుడి పక్క సంతకం పెట్టాలి. పొద్దు గుంకగానే కాపలాదారు రెండు వరసలూ వేలు పెట్టి లెక్క చూస్తాడు. కుడి పక్క ఒక్కటి తగ్గిందా — లాంతరు, మోకు, గడ్డపార పట్టుకుని, వానైనా చలైనా ఎక్కి, ఆ మనిషిని దింపుకుని వస్తాడు. లెక్క సరిపోయిందా — పుస్తకం మూసి, గేటుకి తాళం వేసి, లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటాడు.

పుస్తకం మూసేశాక పైనుంచి పిలిచేది మనిషి కాదు.

ఇది అతనికి వాళ్ళ నాన్న చెప్పిన మాట. ఆయనా ఆ గేటు దగ్గరే కాపలా కాసి పోయాడు. అందరూ దిగిపోయారని సంతకాలు చెబుతున్నాయి కదా, మరి పిలిచేది ఎవరు? లెక్క ప్రకారం చూస్తే ఈ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

లెక్కలతోనే వచ్చింది చిక్కంతా.

కళ్ళద్దాలతనికి ఒక బావగారు ఉన్నారు, అక్క మొగుడు. తనిఖీల ఆఫీసులో సూపరింటెండెంటు. ఊళ్ళ మీది గేట్ల దగ్గరా గిడ్డంగుల దగ్గరా ఉండే పుస్తకాలన్నీ నెలనెలా ఆ ఆఫీసుకే వస్తాయి. వాటిలో తప్పులు పట్టి, ఎర్ర సిరాతో చుట్టి, కింద సంతకం పెట్టడం ఆయన పని. ఈ లోకంలో ఆయనకి నచ్చినది ఒక్కటే ఉండేదట — తన సంతకం. మొదటి అక్షరం పడగ ఎత్తుతుంది, చివరి అక్షరం తోక ఝాడిస్తుంది, కింద రెండు గీతలు, గీతల కింద ఒక చుక్క. మిగిలిన లోకమంతా ఆ చుక్క పాటి చేయదు.

పొద్దున ఆఫీసుకు వచ్చినప్పుడే, సాయంత్రం వెళ్ళిన సంతకం కూడా పెట్టేయడం ఆయన అలవాటు. సాయంత్రం ఎలాగూ వెళ్తాంగా అనేవాడట. నేను రోజూ హాజరు పిలిచేవాణ్ణి. పిల్లవాడు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ కనపడినా సరే, వాడు లోపలికి వచ్చి "వచ్చానండీ" అనేదాకా నా కలం కదలదు. ఇదేదో గొప్పని కాదు. ఆ గడిలో రాసేది నా మాట కాదు, వాడి ఉనికి. ఇంత చిన్న సంగతి సూపరింటెండెంటు గారికి ఎవరూ నేర్పలేదు. నేర్పినా వినే చెవులు కావవి.

ఆయనకి ఒళ్ళు బరువెక్కి, నాలుగడుగులు వేస్తే రొప్పు వచ్చేది. డాక్టరు కొండా గుట్టా ఎక్కమన్నాడు. ఒంటరిగా పంపడానికి అక్కకి మనసొప్పక, కొట్టు ఒక పూట మూసి ఆయన వెంట వెళ్ళమని తమ్ముడికి చెప్పింది. అలా ఒక సెలవు రోజు మధ్యాహ్నం బావా బావమరుదులిద్దరూ రెండు బస్సులు మారి గుట్ట దగ్గర దిగారు.

దిగుతూనే ఆయన తల పైకెత్తి చూశాడట. ఇదేనా అన్నాడట. ఇలాంటి రాళ్ళు మా ఆఫీసు వెనక లారీడు పడున్నాయి, టీ తాగుతూ రోజూ చూస్తూనే ఉన్నాను అన్నాడట.

గేటు దగ్గర కాపలాదారు, అయ్యగారూ, పేరు రాసి వెళ్ళండి, దిగాక ఇంకో సంతకం తప్పకుండా పెట్టండి అని చెప్పి, తాళ్ళ కుర్రవాళ్ళ ముళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి అవతలికి వెళ్ళాడు. సూపరింటెండెంటు గారు పుస్తకం చూశాడు. బల్ల ముందు నలుగురు నిలబడి ఉన్నారు. దిగేటప్పుడు మళ్ళీ ఇలా వరసలో నిలబడటమా? తానా?

ఎడమ పక్క సంతకం పెట్టాడు. అదే ఊపులో కుడి పక్క కూడా పెట్టాడు. బావమరిది బూటు తాడు కట్టుకుంటున్నాడు. అతని పేరు మీద కూడా రెండు వైపులా తానే గీకేశాడు. దిగిన వేళ: అయిదూ నలభై. అప్పుడు టైము మూడు.

అంటే, ఇంకా ఎక్కకుండానే ఆ ఇద్దరూ గుట్ట దిగి ఇంటికి వెళ్ళిపోయారు. పుస్తకం ప్రకారం.

పైకి వెళ్ళాక ఆయన సంచీలోంచి ఒక సుత్తి, ఒక మేకు తీశాడు. సగం చీల్చిన బండ మీద ఒక చదును చోటు చూసుకుని కూర్చున్నాడు. బావమరిది ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వద్దు బావా, ఇన్ని వందల ఏళ్ళ రాయి ఇది అన్నాడు.

"ఇన్ని వందల ఏళ్ళూ ఖాళీగానే ఉందిగా. ఇప్పటికైనా ఒక పనికొస్తుంది."

పేరు తరవాత, ముందు హోదా చెక్కడం మొదలెట్టాడు. నల్లరాయి హోదాలు ఎరగదు. గంటన్నర కొట్టినా రెండక్షరాలే పడ్డాయి, మేకు మొద్దుబారిపోయింది. ఇప్పటికీ ఆ బండ మీద 'సూప' అని ఉంది. చూసినవాళ్ళు ఎవడో ప్రియురాలి పేరు రాసుకున్నాడనుకుంటారు.

తల ఎత్తి చూసేసరికి గుట్ట మీద మనుషులు లేరు. ఎండ గోడ మీదికి పాకింది. కింద తాళ్ళ కుర్రవాళ్ళు బస్సెక్కుతున్నారు, చీమలంత. చివరి బస్సు ఏడింటికి.

తొందర పడాల్సి వచ్చింది. మెట్ల దారికి తెల్లరంగు బాణాలు వేసి ఉన్నాయి. బాణాలు చూసి నడిచేది పశువులు అని ఆయన తేల్చేశాడు. రెండు బండల నడుమ ఒక సందు చూపించి, ఇలా దిగితే సగం దూరం అన్నాడు. ముందు తాను దిగాడు. వెనక బావమరిది కాలు పెట్టిన చోట ఏమీ లేదు.

జారి, మోకాలి కిందిదాకా రెండు రాళ్ళ మధ్య దిగబడిపోయింది కాలు.

లాగితే రాదు. ఇంకా లాగితే ఎముక ఏదో కటుక్కుమంటోంది. జేబులోని ఫోను ఆ జారడంలోనే సందులోకి పోయింది. ఎక్కడో లోతున రెండు సార్లు రాయికి తగిలిన చప్పుడు వచ్చింది… అంతే. బావగారి ఫోను ఉంది గానీ ఆ గుట్ట మీదా, కింద గేటు దగ్గరా ఏ ఫోనూ పలకదు.

పొద్దు గుంకింది. మధ్యాహ్నం చెయ్యి పెడితే కాలిన రాయి, గంట తిరక్కుండా చల్లబడటం మొదలైంది. గాలి లేచింది.

బావమరిది మాత్రం అప్పటికి పెద్దగా భయపడలేదట. వస్తారులే బావా, అన్నాడట. మన సంతకాలు లేవు కదా, లెక్క చూసుకుని లాంతరు పట్టుకుని వాళ్ళే వస్తారు. కాసేపు ఓర్చుకుంటే చాలు.

బావగారు మొద్దుబారిన మేకుని వేళ్ళతో తడుముతున్నాడు.

"ఏం బావా?"

"…పెట్టేశాను."

"ఏమిటి?"

"దిగిన సంతకం. నీది కూడా."

ఆ ఒక్క క్షణం గురించి నాకు చెప్పేటప్పుడు కళ్ళద్దాలతను చేతిలోని గాజు కింద పెట్టేశాడు. మాస్టారూ, కాలు నొప్పి అప్పుడు పోయింది, అన్నాడు. నొప్పి కన్నా పెద్దది ఏదో వచ్చి కూర్చుంది. కింద ఒక మనిషి ఉన్నాడు. పిలిస్తే వచ్చేవాడే. కానీ వాడి లెక్కలో నేను ఇప్పుడు ఇంట్లో భోంచేస్తున్నాను.

ఇద్దరూ గొంతులు చించుకుని పిలిచారు. కింద కిటికీలో దీపం కనిపిస్తోంది. "ఎవరండీ అక్కడ… కొంచెం ఇటు రండి…"

దీపం ఆరిపోయింది.

ఇక బావగారు దిగక తప్పలేదు. ఫోను వెలుగు తాను తీసుకున్నాడు. ఉన్న ఒక్క వెలుగూ అదే. చీకట్లో కాలు ఇరుక్కుని కూర్చున్నవాడికి వెలుగుతో ఏం పని? కదలకు అని చెప్పి వెళ్ళాడట. కదలగలిగితే ఇంత గోలెందుకు?

ఈసారి తెల్ల బాణాలు వెతుక్కుంటూ, పిరుదుల మీద జారుతూ, రెండు చోట్ల పడి లేచి ఆయన కిందికి చేరాడు. గేటుకి తాళం. దూకే ఒళ్ళు కాదు. దూకినా మూడు మైళ్ళ దాకా ఇంకో ఇల్లు లేదు. కాపలాదారు ఇంటి వెనక తలుపు గుట్ట వైపే ఉంది. దాని మీద అరచేత్తో బాదాడు.

లోపల గుసగుస. ఆడగొంతు.

"ఇవాళ తలుపు దాకా వచ్చింది…"

తలుపు తియ్యమని ఆయన గద్దించాడు. మళ్ళీ గద్దించాడు. చాలాసేపటికి, తలుపుకి అవతల నేల దగ్గరనుంచి — కూర్చుని ఉన్నట్టున్నాడు — కాపలాదారు గొంతు మెల్లగా వచ్చింది. పగలు అయ్యగారూ అన్న గొంతే అది. ఇప్పుడు అందులో అయ్యగారు లేడు.

"లెక్క చూసుకున్నాను. ఎక్కినవాళ్ళు నలభై ముగ్గురు. దిగినవాళ్ళు నలభై ముగ్గురు. పైన మనుషులు లేరు. వచ్చిన దారినే పో."

"మరి నేనెవర్ని?"

"అది నువ్వే తెలుసుకోవాలి."

సూపరింటెండెంటు గారు తన హోదా చెప్పాడు. కిందటేడు పిలిచినవాడు జడ్జీనన్నాడు, వాడికీ తియ్యలేదు అని లోపల్నుంచి భార్య అంది. ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాడు. అదీ అంటారు, ప్రతిసారీ అనేదే అంది. అప్పుడు గొంతు మార్చి, మేం దిగి వెళ్ళిపోయాం, గొడుగు మర్చిపోతే మళ్ళీ వచ్చాం అన్నాడు. తాళం ఆరింటికే వేశాను, ఏ దారిన వచ్చావు అని అడిగాడు కాపలాదారు. పోనీ మా సంతకాలు ఎవడో గిట్టనివాడు పెట్టాడన్నాడు.

బతికున్న మనిషికి అంత తొందరగా ఇన్ని అబద్ధాలు రావు అనుకున్నారు లోపలివాళ్ళు. వాళ్ళకి నిజంగానే వణుకు పుట్టింది.

చివరికి భార్యకే తోచింది ఉపాయం. తలుపు కింద నాలుగు వేళ్ళ సందు ఉంది. ఆ సందులోంచి పుస్తకం, దారంతో వేలాడే పెన్సిలూ బయటికి వచ్చాయి.

"ఆ సంతకం నీదే అయితే దాన్ని కొట్టెయ్యి. ఎందుకు కొట్టేశావో రాసి, పక్కన మళ్ళీ అదే సంతకం పెట్టు. రెండూ ఒకటైతే తీస్తాం."

ఎంత తేలిక. ఒక గీత, ఒక వాక్యం, ఒక సంతకం. పైన పెళ్ళాం తమ్ముడు రాళ్ళ మధ్య బిగుసుకుపోతున్నాడు.

ఆయన పెన్సిలు పట్టుకుని నిలబడిపోయాడు.

ఎందుకంటే, నెల తిరిగేసరికి ఆ పుస్తకం వచ్చేది ఆయన ఆఫీసుకే. ఆయన బల్ల పక్క బల్ల మీదికే. తోటివాళ్ళు ఆ పేజీ తిప్పుతారు. ఎర్ర సిరా తీస్తారు. అన్నేళ్ళు ఇతరుల కోసం గీసిన సున్నాలన్నీ తన పేరు చుట్టూ గీస్తారు.

మా బడిలో తప్పు చేసిన పిల్లవాణ్ణి ఒప్పుకుంటూ ఒక వాక్యం రాయమంటే, మొదట ఆకాశం చూస్తాడు, తరవాత పెన్సిలు చెక్కుతాడు, ఆ తరవాత నీళ్ళు తాగొస్తానంటాడు. తొమ్మిదేళ్ళవాడు. పది నిమిషాల్లో రాసేస్తాడు. ఈయనకి ముప్పావుగంట పట్టింది. ఆ లెక్క కాపలాదారు చెప్పినది. లోపల గోడ గడియారం ఉంది.

మొదటిసారి ఇలా రాసి లోపలికి తోశాడు: 'కొన్ని అనివార్య పరిపాలనా కారణాల దృష్ట్యా నిష్క్రమణ నమోదు ముందస్తుగా జరిగినట్లు గమనించడమైనది.'

లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఇద్దరూ కూడబలుక్కుని చదివారు. పుస్తకం వెనక్కి వచ్చింది.

"ఇది మనిషి రాసింది కాదు."

రెండోసారి: 'పొరపాటున జరిగినది.' అది ఇంకా తొందరగా వెనక్కి వచ్చింది. ఎవరి పొరపాటు అని అడిగాడు కాపలాదారు. పొరపాటుకి చేతులుంటాయా సంతకం పెట్టడానికి?

అప్పుడు పైనుంచి బావమరిది కేక ఒకటి వచ్చిందట. పిలుపు కాదు. చలికి పళ్ళు కొట్టుకుంటూ వచ్చే గొంతు, గాలిలో సాగి… ఆగిపోయింది.

మూడోసారి ఆయన రాసింది నేను చూశాను. కళ్ళద్దాలతను తరవాత వెళ్ళి ఫోటో తీసి తెచ్చుకున్నాడు. అక్షరాలు వంకర్లు పోయాయి, సంతకంలో పడగ లేదు, చుక్క లేదు.

'నేను అబద్ధం సంతకం పెట్టాను. మా బావమరిది పైన ఉన్నాడు. రండి.'

ఆయన జీవితంలో తప్పుల్లేకుండా రాసిన పేజీ అదొక్కటే అని నా అభిప్రాయం.

గడియ తీసిన చప్పుడైంది. కాపలాదారు లాంతరు ముందు ఆయన పాదాల దగ్గరికి దించి చూశాడు, తరవాత మొహం చూశాడు. మోకు, గడ్డపార భుజాన వేసుకున్నాడు. భార్య లాంతరు పట్టుకుంది. ముగ్గురూ ఎక్కడం మొదలెట్టారు.

సగం దూరం ఎక్కారు. ఒక మలుపు దగ్గర కాపలాదారు వెనక్కి తిరిగి అడిగాడు.

"ఇలా ముందే సంతకం పెట్టేవాళ్ళు… ఇంకా ఉంటారా అయ్యగారూ?"

"అందరూ అంతేనయ్యా. ఎవడు పెట్టడు?"

ఆయన తేలిగ్గానే అన్నాడు. కాపలాదారు మాత్రం ఆ మెట్టు మీద ఆగిపోయాడు. భార్య లాంతరు కాస్త ఎత్తి అతని మొహంలోకి చూసింది. ఆ గేటు దగ్గర అతనికి ఇరవై ఆరేళ్ళు. వాళ్ళ నాన్న కాలం కలిపితే ఇంకా ఎన్నో. ఎన్ని రాత్రులు దీపం ఆర్పుకుని, చెవులు మూసుకుని…

"కొందరు తెల్లారాక వాళ్ళే దిగి ఉంటారు," అంది భార్య. "సిగ్గుపడి కంచె దూకి పోయి ఉంటారు."

"కొందరు," అన్నాడు కాపలాదారు.

మళ్ళీ ఎక్కారు.

సందు దగ్గరికి చేరేసరికి బావమరిది బండ మీద కూర్చుని ఉన్నాడు. పైన. కాలు బయట. బూటు విప్పి పక్కన పెట్టి ఉంది, మడమ దగ్గర ఇంత తోలు లేచింది, అంతే.

సూపరింటెండెంటు గారు అన్న మొదటి మాట కూడా చెబుతాను, ఆయనెవరో పూర్తిగా తెలియాలి కాబట్టి. కాలు వచ్చేసిందిగా, మరి నా చేత అదంతా రాయించారెందుకు, ఆ పేజీ చింపేయొచ్చా అని అడిగాడట.

కాపలాదారు భార్య లాంతరు బండ మీద పెట్టి, తన దుప్పటి తీసి బావమరిది చుట్టూ కప్పింది. కాలు ఎలా వచ్చింది బాబూ అని అడిగింది.

"ఆయన తీయించాడమ్మా. లాగకు, మడమ తిప్పు, ముందు బూటు విప్పు అన్నాడు. చీకట్లో నాకేం కనపడలేదు. మీరు పంపిన మనిషేమో అనుకున్నాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎవరో పెద్దవాడు, గొంతు బొంగురుగా ఉంది అన్నాడు బావమరిది. వచ్చి పక్కన కూర్చున్నాడట. నిద్రపోకు, ఈ రాయి మీద నిద్రపోకూడదు అని మాటిమాటికీ లేపాడట. మా బావ కిందికి వెళ్ళాడు, మనుషుల్ని తీసుకొస్తాడు అని చెబితే నవ్వాడట. అది నవ్వు కూడా కాదు, నోట్లోది ఉమ్మేసినట్టు. రాడు అన్నాడట. దిగినవాడు ఎవడూ మళ్ళీ ఎక్కడు. నా వాళ్ళూ అలాగే చెప్పి దిగారు.

గాలి ఆగింది. లాంతరు మంట నిటారుగా నిలబడింది.

"తరవాత?" అన్నాడు కాపలాదారు.

"మీ లాంతరు మలుపు తిరగ్గానే లేచి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. నిజంగానే వస్తున్నారే అన్నాడు. తరవాత నన్ను అడిగాడు… ఎవరికోసం వస్తున్నారు అని."

"నువ్వేమన్నావు?"

"నాకోసమే అన్నాను." బావమరిది దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "ఓహో అన్నాడు. అని… మళ్ళీ కూర్చున్నాడు."

"ఎక్కడ?"

బావమరిది చెయ్యి ఎత్తి చూపించబోయి, సగంలో ఆపేశాడు.

"ఇక్కడే. అమ్మ లాంతరు పెట్టిందే… దాని పక్కనే."

కాపలాదారు బావమరిదిని భుజాన వేసుకున్నాడు. భార్య ముందు, సూపరింటెండెంటు గారు ఆమె కొంగు పట్టుకున్నంత దగ్గరగా, మెట్టు మెట్టూ కాళ్ళతో తడుముకుంటూ చీకట్లోనే కిందికి దిగారు.

లాంతరు తీసుకోవడానికి మాత్రం ఎవరూ వంగలేదు.